వద్దన్న చిలుక

ఆ వేసవిలో నేను మా అత్తను కరిచాను. పొరపాటున కాదు, ఒళ్ళు తెలియని కోపంలోనూ కాదు. వారాల తరబడి ఆలోచించి, ఎక్కడ కరవాలో ముందే ఎంచుకుని, ఊరి పెద్దమనుషులంతా చూస్తుండగా కరిచాను. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. తర్వాత చాలామంది నన్ను పక్కకు పిలిచి, ఆ పని చేసినందుకు ఎప్పుడైనా మనసు చివుక్కుమందా అని అడిగారు. చివుక్కుమనలేదు.

అత్త అంటే నాన్నకు స్వయానా చెల్లెలు. ఊళ్ళో పిల్లలకు మాత్రం ఆవిడ కథలత్త. ఆదివారం ఉదయం రేడియోలో ఆవిడ గొంతు మొదలైతే వీధిలో బంతాట ఆగిపోయేది. సిటీ బస్సు నడిపే మా నాన్న తన సీటు వెనక ఆవిడ బొమ్మ ఉన్న పోస్టరు అంటించుకుని తిరిగేవాడు. ఎక్కినవాళ్ళు దాని వంక చూస్తే చాలు, ఎవరూ అడక్కపోయినా "మా చెల్లాయే" అనేవాడు. నేనూ తక్కువదాన్ని కాదు. ఆవిడలా ఒక కనుబొమ ఎత్తి, ఆవిడలా గొంతు తగ్గించి, అద్దం ముందు నిలబడి గోడకు కథలు చెప్పేదాన్ని. ఆవిడంటే నాకు అంత పిచ్చి.

అక్క నాకన్నా మూడేళ్ళు పెద్ద. తనకు ఆటిజం. మాట్లాడేది తక్కువ, ఆ తక్కువలోనూ ఎక్కువ భాగం బోర్డుల మీద చదివిన మాటలే. ఇంటికొచ్చిన చుట్టం ఎంతకీ లేవకపోతే అతని ఎదుట నిలబడి, "గ్రంథాలయం మూయు వేళ అయినది" అనేది. ఎవరైనా ముట్టుకుంటే తనకు పడేది కాదు. దర్జీ పని చేసే అమ్మ, ఒంటికి ఏదీ గుచ్చుకోకూడదని అక్క బట్టలన్నీ కుట్లు పైకి వచ్చేలా తిరగేసి కుట్టేది. వాళ్ళిద్దరూ కౌగలించుకోగా నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రాలు మెట్ల మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళు. అమ్మ చెప్పు అంచు అక్క చెప్పు అంచుకు ఆనుకుని ఉండేది. అప్పుడప్పుడూ అక్కే తన కాలు ఇంకాస్త ఇటు జరిపేది.

ఇంటి తర్వాత అక్కకు ఇల్లు లైబ్రరీయే. పిల్లల గదిలో అట్లాసుల బీరువా వెనక ఒక పొట్టి స్టూలు ఉండేది. పొద్దున్నే వెళ్ళి దాని మీద కూర్చుని, లావు పుస్తకాల చివర ఉండే పదసూచికలు చదువుకునేది. కథలు తనకు పట్టవు. ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే ఆ వరసలంటే ప్రాణం. మధ్యలో లేచి, పిల్లలు చిందరవందర చేసిన అరలు సర్దేది. "మీ అక్క రాని రోజు నాకు చెయ్యి విరిగినట్టుంటుంది" అనేది లైబ్రరీ మేడమ్.

సెలవులు మొదలైన వారం, మేం భోజనాలు చేస్తుండగా అత్త వచ్చింది. చేతిలో పుస్తకాల కట్ట, మొహం నిండా వెలుగు.

"అన్నయ్యా, అచ్చయి వచ్చేసింది!"

కట్ట విప్పి ఒకటి నాన్న చేతిలో పెట్టింది. అట్ట మీద తల దించుకున్న పచ్చని చిలుక. పైన పెద్ద అక్షరాలతో 'పలకని చిలుక' అని పేరు. నాన్న దాన్ని ఎడమ చేత్తోనే అటూ ఇటూ తిప్పి, వెనక ఉన్న అత్త ఫొటో దగ్గర ఆగిపోయాడు.

"ఎంత బావున్నావే! మన వంశంలో పుస్తకం మీద బొమ్మ పడింది నీదొక్కదానిదే."

"నా ఫొటోకేం గానీ, లోపల చూడన్నయ్యా. ఇది మన పెద్దదాని కథే." అత్త అక్క వైపు తిరిగింది. "నీ కథేనే తల్లీ! ఇంక నిన్ను చూసి ఎవరూ దూరంగా పోరు. అందరూ నిన్ను దగ్గరికి తీసుకుంటారు."

అక్క కంచంలోంచి తల ఎత్తలేదు.

"వదినా, నీకో పని పెడుతున్నా," అంది అత్త. "సెలవుల చివర్లో లైబ్రరీలో దీన్ని నాటకం వేస్తున్నాం. పిల్లల వేషాలు నువ్వే కుట్టాలి."

"కుడతాలే. కొలతలు పంపు," అంది అమ్మ.

అంతకుముందు వానాకాలమంతా అత్త మా ఇంట్లోనే ఉంది. టీ కప్పు పట్టుకుని అక్కనే చూస్తూ కూర్చునేది. మేనకోడలంటే ఎంత ప్రేమో అనుకున్నాం.

ఆ సాయంత్రం డాబా మీద కూర్చుని పుస్తకం ఆత్రంగా చదివాను. అడవిలో ఒక చిలుక పిల్ల. ఎవరితోనూ పలకదు. గింజలన్నీ వరసగా పేర్చుకుంటుంది. ఎవరు ముట్టుకున్నా కీచుమంటుంది. ఎందుకలా అయిందో మూడో పేజీలో ఉంది. 'తల్లి చిలుక గుడ్డు మీద కూర్చుంది గానీ ఒక్క పాటా పాడలేదు. దానికి తన పనే సరిపోయింది. అందుకే గుడ్డు లోపల చలి వేసింది. అందుకే పిల్ల పలకలేదు.' పక్కన బొమ్మ. బక్కచిక్కిన బూడిదరంగు చిలుక, దాని మెడలో దర్జీల కొలత టేపు.

చివరికి నెమలమ్మ వస్తుంది. అడవిలో పక్షులన్నిటినీ పిలిచి, అందరూ కలిసి చిలుకను రెక్కలతో చుట్టెయ్యమంటుంది. చిలుక గింజుకుంటుంది. ఇంకా గట్టిగా పట్టుకోమంటుంది నెమలమ్మ. లోపలి చలంతా కరిగి, చిలుక నోరు తెరిచి, "నాకూ మీరంటే ఇష్టం" అంటుంది. కథ అక్కడితో అయిపోతుంది.

కింద గదిలో అమ్మ కుట్టుమిషను చప్పుడు ఆగకుండా వినబడుతోంది. పుస్తకం అమ్మ కంటబడకుండా నా బట్టల అడుగున పెట్టాను.

కానీ ఊరి కంటబడకుండా ఎలా దాస్తాను? వారం తిరక్కుండానే లైబ్రరీ గుమ్మానికి బ్యానరు కట్టారు. 'ఆటిజం ఉన్న పిల్లలను ప్రేమిద్దాం' అని, దాని కింద చిలుక. పిల్లల గదిలో కథల గంటప్పుడు లైబ్రరీ మేడమ్ ఆ పుస్తకం చదివి వినిపించింది. పాపం ఆవిడ మంచి ఉద్దేశంతోనే చదివింది. నేను గదికి ఈ చివర పుస్తకం మార్చుకుంటున్నాను. చదవడం సగంలో ఉండగానే పిల్లల తలలు ఒక్కొక్కటే అట్లాసుల బీరువా వైపు తిరగడం చూశాను.

పళ్ళ డాక్టరు కూతురు ముందు లేచింది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఉత్సాహం ఎక్కువ. "చిలుక అక్క అక్కడుంది! రండి, కరిగిద్దాం!" అని అరిచింది. పిల్లలంతా బిలబిలమంటూ బీరువా వెనక్కి పరిగెత్తారు.

"వద్దు," అంది అక్క. నాకు స్పష్టంగా వినబడింది. బోర్డు మాట కాదు, తన మాట.

పిల్లలు చేతులు చాచి చుట్టూ మూగారు.

"వద్దు. వద్దు."

నేను బెంచీల మీంచి దూకి వెళ్ళేలోపే స్టూలు పడిపోయింది. పిల్లల గుంపు మధ్యలోంచి అక్క అరుపు లేచింది. దాని వెంటనే పళ్ళ డాక్టరు కూతురి ఏడుపు. ఆ పిల్ల మోచేతి కింద అక్క పళ్ళ గుర్తులు పడ్డాయి. గింజుకుంటే ఇంకా గట్టిగా పట్టుకోమని పుస్తకంలో ఉంది కదా, ఆ పిల్ల అలాగే పట్టుకుంది.

మూడో రోజు లైబ్రరీ మేడమ్ మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కమిటీవాళ్ళు తేల్చేశారమ్మా. సెలవులయ్యేదాకా అమ్మాయిని లోపలికి రానివ్వద్దన్నారు. పిల్లలకు ప్రమాదమట. నేను చెప్పి చూశాను. నా మాట నెగ్గలేదు."

"అది ఎవరి జోలికైనా వెళ్ళిందా మేడమ్?" అంది అమ్మ.

"వెళ్ళలేదు. వీళ్ళే వెళ్ళారు. నాకు తెలుసు."

అక్కకు మాత్రం ఎంత చెప్పినా ఆ నిర్ణయం తలకెక్కలేదు. తలుపులు తెరిచే వేళకు రోజూ బయల్దేరేది. వాచ్‌మన్ గేటు దగ్గర ఆపి, "ఇవాళ కాదమ్మా" అనేవాడు. ఇవాళ కాదన్నాడు కాబట్టి రేపు అని తను మర్నాడు మళ్ళీ వెళ్ళేది. లోపలికి పోనివ్వకపోతే రోడ్డుకు అవతల ఎండలో నిలబడేది. ఇంటికి రమ్మంటే వచ్చేది కాదు. అమ్మ పని ఆపేసి గొడుగు పట్టుకుని వెళ్ళి పక్కన నిలబడేది. అలా వాళ్ళిద్దరూ నిలబడి ఉంటే, అవతల గుమ్మం మీద బ్యానరు గాలికి ఊగుతూ ఉండేది, ఆటిజం ఉన్న పిల్లలను ప్రేమిద్దాం అంటూ. రాత్రుళ్ళు అక్క తన వేళ్ళు తానే కొరుక్కోవడం మొదలుపెట్టింది.

ఒక రోజు నేను రేడియో స్టేషనుకు వెళ్ళాను. అత్తకు ఏం జరిగిందో తెలియదనుకున్నాను. తెలిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుని కమిటీ దగ్గరికి పరిగెడుతుందనుకున్నాను. వరండాలో నిలబెట్టి అంతా చెప్పాను.

"కరిచిందా! అయ్యో, ఎవర్ని?" అంది. చెప్పాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. "చూడు చిన్నదానా. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు దగ్గరికి తీసుకున్నారంటే నా పుస్తకం పని చేసినట్టే కదా. అది కూడా అలవాటు పడాలి. ఎన్నాళ్ళని బీరువా చాటున కూర్చుంటుంది?"

"అక్క వద్దంది అత్తా. నోరు తెరిచి అంది. నేను విన్నాను."

"వద్దు అనేది మాట కాదే, భయం. భయానికి మనం తల వంచకూడదు."

"ఇప్పుడు రోజూ గేటు బయట ఎండలో నిలబడుతోంది. లోపలికి రానివ్వడం లేదు."

అత్త కళ్ళు నా మీంచి ఎటో వెళ్ళాయి. కనుబొమ ఒకటి మెల్లగా పైకి లేచింది.

"గేటు బయట... ఎండలో..." అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. "చిలుకను అడవి నుంచి వెళ్ళగొడతారు. అది పొలిమేరలో నిలబడి చూస్తూ ఉంటుంది. రెండో భాగానికి ఎంత బావుంటుందో!"

ఆ వరండాలో, ఆ గచ్చు మీద, ఆవిడంటే నాకున్న పిచ్చి వదిలింది. అరవలేదు, ఏడవలేదు. నా గొంతు నాకే ఆశ్చర్యంగా, ఎంతో మర్యాదగా వినబడింది.

"అత్తా, నాటకంలో చిలుక వేషం ఎవరికిచ్చావు?"

"ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఏం, వేస్తావా?"

"వేస్తాను."

రిహార్సళ్ళు రేడియో స్టేషను వెనక షెడ్డులో జరిగేవి. నెమలమ్మ వేషం అత్తదే. మొదటి రోజే ఆవిడ నన్ను మధ్యలో నిలబెట్టి, "మీ అక్కలా కాస్త ఊగవే. చేతివేళ్ళు కూడా అలాగే ఆడించు. నీకు తెలుసుగా," అంది. ఊగాను. వేళ్ళు ఆడించాను. అక్క ఎలా తల పక్కకు వాలుస్తుందో, చప్పుడు ఎక్కువైతే చెవులు ఎలా మూసుకుంటుందో, ఒక్కటీ తప్పు పోకుండా చేశాను. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. "అదీ నటనంటే! నా రక్తం పోతుందా ఎక్కడికైనా!" అంది అత్త మురిసిపోతూ. నేను నవ్వాను. చప్పట్లన్నీ మనసులో పెట్టుకున్నాను.

వేషాల పని దగ్గర పడింది. నాకు రెక్కల కొలత తీస్తూ, ఎక్కడ ఎగరాలో ఎక్కడ ఒంగాలో తెలిస్తే కుట్టడం తేలికని, అమ్మ నాటకం కాగితాలు ఇమ్మంది. ఇవ్వకుండా ఉండే దారి లేకపోయింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని నిలబడే చదివింది. రెండో కాగితం దగ్గర చాలాసేపు ఆగింది. సూదులన్నీ ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది.

"తల్లి చిలుకకు మెడలో టేపు కూడా కావాలట," అంది.

"ఇస్తావా?"

"ఇస్తాను. అడిగింది కదా."

ఆ బూడిదరంగు వేషం అన్నిటికంటే శ్రద్ధగా కుట్టింది. ఈకలన్నీ ఒక్కొక్కటే కత్తిరించి, ఒక దాని మీద ఒకటి వాలేలా అతికించింది. మిషను ముందు ఒంగిన ఆ వీపు చూస్తూ కూర్చోలేక అన్నాను.

"అమ్మా, ఆ రోజు నేనొకటి చెయ్యబోతున్నా."

"నాకు చెప్పకు." అమ్మ వెనక్కి తిరగలేదు. "చెబితే ఆపాల్సి వస్తుంది."

కాసేపు మిషను ఆడింది. తర్వాత దారం తెంపుతూ, "నెమలి వేషానికి చేతులు మోచేతి దాకే పెట్టాను. కింద ఏమీ అడ్డం ఉండదు. గాలాడుతుంది," అంది.

ఆ మాట నాకెందుకు చెప్పిందో అప్పుడు అడగలేదు. తర్వాతా అడగలేదు.

నాటకం ఉదయం పూట పెట్టారు. లైబ్రరీ పెద్ద గదిలో బల్లలు తీసేసి కుర్చీలు వేశారు. కమిటీవాళ్ళు, వాళ్ళ ఇల్లాళ్ళు, పత్రిక మనిషి, పిల్లల తల్లిదండ్రులు వచ్చారు. అత్త పట్టుబట్టి అక్కను ముందు వరసలో కూర్చోబెట్టించింది. నాటకం చివర్లో అక్క స్టేజి ఎక్కి నెమలమ్మకు పూలగుచ్ఛం ఇవ్వాలి, ఫొటో తీస్తారు. అమ్మ అందుకు ఒప్పుకుంది. "ఆ ఒక్క రోజైనా లోపలికి పోనిస్తారుగా," అంది. అక్క ఒళ్ళో పూలగుచ్ఛం పెట్టుకుని, పక్క గదిలో కనబడుతున్న అట్లాసుల బీరువా వంకే చూస్తూ కూర్చుంది. దాని పక్క అరల్లో పుస్తకాలు తలకిందులుగా, అడ్డదిడ్డంగా ఉన్నాయి.

నాటకం బాగానే నడిచింది. తల్లి చిలుక టేపు ఊపుకుంటూ వచ్చి వెళ్ళింది. జనం నవ్వారు. నేను ఊగాను, గింజలు పేర్చాను. అందరూ అయ్యో అన్నారు. ఆఖరి ఘట్టంలో నెమలమ్మ పింఛం విప్పుకుని వచ్చింది. రేడియో గొంతుతో, "పలకవే నా తల్లీ, ఒక్కసారి పలకవే!" అంటూ చేతులు చాచింది.

"వద్దు," అన్నాను.

కాగితంలో ఆ మాట లేదు. పక్షుల వేషాల్లో ఉన్న పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అత్త తడబడలేదు. ఎన్నేళ్ళ అనుభవం ఆవిడది! జనం వైపు తిరిగి కళ్ళు చక్రాల్లా తిప్పింది.

"విన్నారా పిల్లలూ? వద్దంటోంది! వద్దు అంటే లోలోపల కావాలనే! మరి ఏం చేద్దాం?"

"కౌగిలి! కౌగిలి!" అని గదంతా అరిచింది.

"వద్దంటే వద్దు," అన్నాను, ఈసారి ఇంకా గట్టిగా. ఆవిడ దగ్గరికి వచ్చి, పెదవులు కదపకుండా, "మాట మర్చిపోయావా? ఇష్టం అను," అని గొణిగింది. అని రెండు చేతులూ నా చుట్టూ వేసి బిగించింది.

కరిచాను. మోచేతికి నాలుగు వేళ్ళ కింద, నేను ఎంచుకున్న చోటే. ఆవిడ కేక వేసింది. నేను వదల్లేదు. గేటు బయట ఎండ గుర్తొచ్చింది, కొరుక్కున్న వేళ్ళు గుర్తొచ్చాయి, ఇంకాస్త బిగించాను. నోటికి ఉప్పగా తగిలాకే వదిలాను.

గది ఒక్కసారి గొల్లుమంది. ఎవరో తెర లాగమని అరుస్తున్నారు. నాన్న కుర్చీ తన్నుకుంటూ లేచాడు. ఆ గోలలో ముందు వరసలోంచి అక్క లేచింది. చెవులు మూసుకుని ఉంది. కళ్ళు నేల మీద ఉన్నాయి. లైబ్రరీలో ప్రకటన చదివే గొంతుతో, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"వద్దని చెప్పింది. రెండు సార్లు చెప్పింది."

తర్వాత పూలగుచ్ఛం కుర్చీలో పెట్టి, పక్క గదిలోకి వెళ్ళి, అడ్డదిడ్డంగా ఉన్న పుస్తకాలు సర్దడం మొదలుపెట్టింది. అమ్మ లేచి వెళ్ళి ఆ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వాచ్‌మన్ అటు వచ్చాడు గానీ, అమ్మ మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయాడు.

గాయం చూసింది పళ్ళ డాక్టరే. ఆయనా కమిటీ మెంబరే. "లోతుగానే దిగాయి. ఈ ఇంటి పిల్లల పళ్ళకు మాత్రం వంక పెట్టలేం," అన్నాడట కట్టు కడుతూ.

మధ్యాహ్నం ఇంట్లో నాన్న నా మీదికి చెయ్యెత్తాడు. అంతకుముందు ఎప్పుడూ ఎత్తలేదు.

"మా చెల్లాయిని నలుగురిలో నవ్వులపాలు చేస్తావా? దాని కాళ్ళ మీద పడు, పద!"

"పుస్తకం చదివారా?" అంది అమ్మ, మిషను ముందు కూర్చుంటూ.

"ఏ పుస్తకం?"

"మీ చెల్లాయి రాసింది. బస్సులో అందరికీ చెబుతున్నారుగా. చదివారా?"

"చదవాలా ఏమిటి? అది రాసింది కదా!"

"చదవండి. పైకి చదవండి, నాకు వినబడేట్టు."

నేను వెళ్ళి బట్టల అడుగునుంచి పుస్తకం తెచ్చి ఇచ్చాను. నాన్న విసురుగా తెరిచి, ఆ కోపంతోనే, వేలు పెట్టి చదవసాగాడు. మొదటి పేజీ అయింది. రెండోది అయింది. మూడో పేజీలో గొంతు నెమ్మదించింది. "'...ఒక్క పాటా పాడలేదు. దానికి తన పనే...'" అక్కడ ఆగిపోయాడు. వేలు బొమ్మ మీదికి జరిగి, ఆ చిలుక మెడ దగ్గర నిలిచిపోయింది.

"ఆపారేం?" అంది అమ్మ. మిషను తిరుగుతూనే ఉంది.

"కళ్ళజోడు ఎక్కడో పెట్టాను," అన్నాడు నాన్న.

కళ్ళజోడు ఆయన మొహం మీదే ఉంది.

మర్నాడు నేను నాన్న బస్సు ఎక్కితే సీటు వెనక పోస్టరు లేదు. జిగురు మరకలు నాలుగు మూలలా మిగిలాయి. ఎవరో అడిగితే, "చిరిగిపోయింది" అన్నాడు.

ఆ వారం అమ్మ అక్కను వెంటబెట్టుకుని కమిటీ గదికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. పుస్తకం తీసెయ్యమని అడగలేదు, ఎవరినీ తిట్టలేదు. "మా పిల్ల ఇక్కడ ఇన్నేళ్ళలో ఎవరినైనా ముట్టుకుందా, చెప్పండి" అని అడిగి ఊరుకుంది. ప్రెసిడెంటు గారు నీళ్ళు నమిలారు. పిల్లల భద్రత, నియమాలు అంటూ ఏవో మొదలుపెట్టారు. అప్పుడు పళ్ళ డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మాయి నిన్న నాతో ఒక మాటంది. ఆ అక్క వద్దంది నాన్నా, నేనే ఇంకా గట్టిగా పట్టుకున్నాను, బొమ్మలో అలాగే ఉంది కదా, అంది. కరిపించుకున్నది నా కూతురు. నాకే అభ్యంతరం లేనప్పుడు మీకేమిటండీ?"

మర్నాటి నుంచి అక్క మళ్ళీ తన స్టూలు మీద కూర్చుంది. గుమ్మం మీది బ్యానరును లైబ్రరీ మేడమ్ మడిచి, స్టోరుగదిలో పడేసింది.

నా కసి అంతటితో తీరలేదు. లైబ్రరీలో ఉన్న 'పలకని చిలుక' ప్రతులన్నీ ఒక్కొక్కటిగా నా కార్డు మీద, నా స్నేహితురాళ్ళ కార్డుల మీద, ఆఖరికి పళ్ళ డాక్టరు కూతురి కార్డు మీద కూడా ఇంటికి తెచ్చి మంచం కింద పడేశాను. గడువు తీరగానే మళ్ళీ రాయించుకుని మళ్ళీ తెచ్చేదాన్ని. ఇక ఈ ఊళ్ళో ఏ పిల్లా ఆ మూడో పేజీ చూడదని సంబరపడ్డాను. ఒక పొద్దున మంచం కింద చూస్తే ఒక్కటీ లేదు. అక్క అన్నీ సంచిలో వేసుకుపోయి లైబ్రరీలో వాటి అరలో పెట్టేసింది.

"ఎందుకే అలా చేశావు?" అని ఏడుపు గొంతుతో అడిగాను. "నీకోసమే కదా!"

"అరలో ఖాళీ ఉంది," అంది అక్క.

రెండో భాగం మాత్రం అత్త రాయలేదు. రేడియోలో కొన్ని ఆదివారాలు పాత కథలే మళ్ళీ వేశారు.

సెలవులు ముగుస్తుండగా అత్త మా ఇంటికి వచ్చింది. ముంజేతి మీద కట్టు తీసేసినట్టుంది, మచ్చ ఎర్రగా కనబడుతోంది. నాన్న గుమ్మంలోనే ఎదురెళ్ళాడు. ఎప్పటిలా "రావే" అనలేదు.

"నాతో కాదు. ముందు మీ వదినతో మాట్లాడు. తర్వాత పెద్దదానితో."

అత్త అమ్మ దగ్గరికి వెళ్ళింది. "వదినా, ఆ తల్లి చిలుక నువ్వు కాదు. కథ కదా, ఏదో ఒక కారణం చెప్పాలని..."

"టేపు నాదే కదా," అంది అమ్మ.

అత్త తల వంచుకుంది. రేడియోలో ఎప్పుడూ వినని గొంతుతో, "తప్పు చేశాను వదినా," అంది.

"విన్నాను," అంది అమ్మ. కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

అక్క హాల్లో నేల మీద కూర్చుని అమ్మ గుండీల డబ్బా గుమ్మరించుకుని, రంగులవారీగా వేరు చేస్తోంది. అత్త వెళ్ళి ఎదురుగా కూర్చుంది. అలవాటు కొద్దీ చేతులు పైకి లేచాయి. మధ్యలోనే గుర్తొచ్చి, వాటిని ఒళ్ళోకి తెచ్చుకుంది.

"తల్లీ, నీ గురించి నీకు చెప్పకుండా రాశాను. నీకు ఇష్టం లేనిదాన్ని ఇష్టమని రాశాను. నన్ను క్షమిస్తావా?"

అక్క చేతులు ఆగాయి. తను ఆలోచిస్తోందని మాకు తెలుసు. తన ఆలోచనకు సమయం పడుతుంది, ఎవరూ తొందర పెట్టకూడదు. నాన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఇక అంతా సర్దుకుంటుందన్న చిరునవ్వు అప్పుడే ఆయన మొహంలోకి వస్తోంది. అత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంటింట్లో కప్పుల చప్పుడు ఆగిపోయింది.

"లేదు," అంది అక్క.

అత్త కాస్త ముందుకు ఒంగింది. "ఇప్పుడు కాకపోతే పోనీలే. మెల్లగా... కొన్నాళ్ళకు?"

అక్క మళ్ళీ ఆలోచించింది.

"లేదు. మీరు నల్ల గుండీల మీద కూర్చున్నారు."

అత్త చప్పున పక్కకు జరిగింది. అక్క ఆ గుండీలన్నీ ఏరి, ఒకసారి తన గౌను అంచుతో తుడిచి, వాటి చోట పెట్టుకుంది. అత్త ఇంకాసేపు అక్కడే కూర్చుంది. నాన్న ఆవిడను బస్టాపు దాకా దిగబెట్టడానికి వెళ్ళాడు.

వంటింట్లోకి తొంగి చూశాను. అమ్మ చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. ఏడుస్తోందేమోనని కంగారుపడ్డాను. కాదు, నవ్వుతోంది. భుజాలు అదిరిపోయేలా, కళ్ళ వెంట నీళ్ళు కారేలా, చప్పుడు బయటికి రాకుండా నవ్వుతోంది. అమ్మ అలా నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి.

నేను వెళ్ళి అక్కకు తగలకుండా పక్కన కూర్చున్నాను. కాసేపటికి తను నీలం గుండీల కుప్పను నా వైపు తోసింది.